దుబాయ్‌లో ఆగాలా, హెల్సింకీలో ఆగాలా? ఎయిర్‌లైన్ మేనేజర్‌లో స్టాప్‌ఓవర్ లెక్క

ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఒక్క ప్రశ్న మీదే. మన వ్యూయర్ ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. ఉన్నది ఉన్నట్టు చదువుతా.

"అన్నా, ఎయిర్‌లైన్ మేనేజర్ 4లో హైదరాబాద్ నుంచి న్యూయార్క్ రూట్ ఓపెన్ చేద్దామంటే నా ప్లేన్ రేంజ్ సరిపోవట్లేదు. అందరూ దుబాయ్ మీదుగానే వెళ్తారు కదా అని దుబాయ్‌లో స్టాప్ పెట్టి చూశా, అయినా తీసుకోవట్లేదు. ఉన్న మూడు చిన్న ప్లేన్లు అమ్మేసి ఒక పెద్దది కొనేదా? తక్కువపడితే పాయింట్లు కొనేద్దాం అనుకుంటున్నా."

ఆగు తమ్ముడూ. ఇప్పుడే ఏదీ అమ్మొద్దు, ఏదీ కొనొద్దు. గేమ్‌లో ప్లేన్ అమ్మితే కొన్న రేటు రాదు. ఇక పాయింట్లు కొనడం అంటే అది గేమ్ డబ్బు కాదు, ఇంట్లోవాళ్ల బ్యాంక్ అకౌంట్‌లోంచి పోయే డబ్బు. నీ సమస్య ప్లేన్ చిన్నదవడం కాదు. స్టాప్ తప్పు చోట పెట్టావు, అంతే. నీ దగ్గరున్న ప్లేన్‌తోనే న్యూయార్క్ వెళ్లొచ్చేమో ఈరోజు లెక్కేసి చూద్దాం.

ముందు రూల్ ఏంటో చూద్దాం

కొత్తగా ఆడేవాళ్ల కోసం రెండు నిమిషాలు. ఈ గేమ్‌లో ప్రతి ప్లేన్‌కీ ఒక రేంజ్ ఉంటుంది, అంటే ఆగకుండా ఎంత దూరం ఎగరగలదో ఆ లెక్క. రూట్ దూరం రేంజ్ కంటే ఎక్కువైతే మధ్యలో ఒక స్టాప్‌ఓవర్ పెట్టుకోవచ్చు. షరతు ఏంటంటే, మొదటి ముక్క, రెండో ముక్క, రెండూ రేంజ్‌లోపే ఉండాలి. రియలిజం మోడ్‌లో ఆడేవాళ్లు ఆ ఎయిర్‌పోర్ట్ రన్‌వే మన ప్లేన్‌కి సరిపోతుందా అనేది కూడా చూసుకోవాలి.

ఇక చాలామంది గమనించని రెండు విషయాలు. ఒకటి, స్టాప్‌లో ప్రయాణికులు ఎక్కరు, దిగరు. అది కేవలం ఇంధనం కోసం ఆగడం. రెండు, టికెట్ రేటు లెక్కించేది బయల్దేరిన ఊరికీ చేరే ఊరికీ మధ్య ఉన్న నేరు దూరం మీద. మీరు చుట్టూ తిరిగి వెళ్లినా ప్రయాణికుడు ఒక్క డాలర్ ఎక్కువ ఇవ్వడు. కానీ ఇంధనం, కార్బన్ కోటా, టైమ్ మాత్రం మీరు నిజంగా ఎగిరిన కిలోమీటర్లకి పోతాయి.

ఆటోలో వెళ్తున్నారనుకోండి. సికింద్రాబాద్ నుంచి అమీర్‌పేటకి ఇంత అని బేరం కుదిరిపోయింది. ఆ తర్వాత డ్రైవర్ ఉప్పల్ మీదుగా తిప్పితే పెట్రోల్ ఎవరిది? ఆయనదే. ఇక్కడ ఆ డ్రైవర్ మీరు.

మ్యాప్ మనకి అబద్ధం చెబుతుంది

ఇప్పుడు నంబర్లలోకి వెళ్దాం. హైదరాబాద్ నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కేకి నేరుగా దూరం సుమారు 12,970 కిలోమీటర్లు. ఇది భూమి గోళం మీద అతి దగ్గర దారి. దీన్నే గ్రేట్ సర్కిల్ అంటారు.

మ్యాప్ చూస్తే దుబాయ్ కరెక్ట్‌గా దారిలోనే ఉన్నట్టు కనిపిస్తుంది. హైదరాబాద్ నుంచి ఎడమ పక్కకి వెళ్తే దుబాయ్, ఇంకా వెళ్తే యూరప్, సముద్రం దాటితే అమెరికా. హెల్సింకీ ఏమో ఎక్కడో పైన, ఫిన్లాండ్‌లో ఉంది. అక్కడిదాకా ఎక్కి మళ్లీ దిగాలా అనిపిస్తుంది.

కానీ భూమి గుండ్రం కదా. ఇంట్లో బత్తాయి ఉంటే తీసుకోండి. పెన్నుతో రెండు చుక్కలు పెట్టండి, రెండూ మధ్య గీతకి కొంచెం పైన, ఒకదానికొకటి దాదాపు అవతలి పక్కన. ఇప్పుడు ఒక దారం తీసుకుని ఆ రెండు చుక్కల మధ్య బిగుతుగా లాగండి. దారం పక్కకి పోదు, పైకి జరుగుతుంది, తొడిమ వైపుకి. హైదరాబాద్ నుంచి న్యూయార్క్ దారి కూడా అంతే. చదును మ్యాప్ మీద పెద్ద వంపులా కనిపించేదే నిజానికి నేరు దారి.

నాలుగు ఊళ్లు తీసుకుని లెక్కేశాను. స్క్రీన్ మీద టేబుల్ ఉంది, చదువుతా.

దుబాయ్ మీదుగా: మొదటి ముక్క సుమారు 2,550, రెండోది 11,000. మొత్తం 13,550 కిలోమీటర్లు. అదనంగా 580.

ఇస్తాంబుల్ మీదుగా: 5,420, తర్వాత 8,030. మొత్తం 13,450. అదనం 480.

లండన్ హీత్రో మీదుగా: 7,750, తర్వాత 5,540. మొత్తం 13,290. అదనం 320.

హెల్సింకీ మీదుగా: 6,380, తర్వాత 6,610. మొత్తం 12,990. అదనం 20 కిలోమీటర్లు.

ఇరవై! గన్నవరం ఎయిర్‌పోర్ట్ నుంచి బెజవాడ బస్టాండ్‌కి వెళ్లేంత దూరం. 13 వేల కిలోమీటర్ల ప్రయాణంలో ఆగినందుకు మీరు కట్టే ఎక్స్‌ట్రా అంతే.

మధ్యలో ఉండటం కూడా ముఖ్యమే

ఇప్పుడు మన తమ్ముడి ప్లేన్ సంగతి. అతని దగ్గర ఉన్నది ఎయిర్‌బస్ ఏ321 ఎల్ఆర్ అనుకుందాం. సింగిల్ ఐల్ ప్లేన్, అంటే మధ్యలో ఒకటే నడవ ఉండేది. ఎయిర్‌బస్ దీనికి చెప్పే రేంజ్ సుమారు 7,400 కిలోమీటర్లు. గేమ్‌లో మీ ప్లేన్ పేజీలో ఏ నంబర్ ఉంటే అదే తీసుకోండి.

టేబుల్ మళ్లీ చూడండి. దుబాయ్ రెండో ముక్క 11,000, కుదరదు. గేమ్ తీసుకోకపోవడానికి కారణం ఇదే. ఇస్తాంబుల్ రెండో ముక్క 8,030, కుదరదు. లండన్ మొదటి ముక్క 7,750, కొంచెంలో పోయింది. హెల్సింకీలో రెండు ముక్కలూ 7,400 లోపే ఉన్నాయి. అంటే ఈ నాలుగింట్లో పనికొచ్చేది ఒక్కటే, అదే అన్నింటికంటే చవక కూడా.

కాబట్టి మంచి స్టాప్‌కి రెండు గుణాలు ఉండాలి. ఆ దారం మీద ఉండాలి, దారానికి మధ్యలో ఉండాలి. దుబాయ్ దారానికి దూరంగా ఉంది, పైగా హైదరాబాద్‌కి మరీ దగ్గర. బయల్దేరిన వెంటనే ఆగితే ఉపయోగం ఏముంది? అసలు దూరం అంతా ముందే ఉంది కదా.

దీనికి పెయిడ్ టూల్ ఏమీ అక్కర్లేదు. గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అని ఒక వెబ్‌సైట్ ఉంది. అందులో ఎయిర్‌పోర్ట్ కోడ్లు వరుసగా మధ్యలో గీత పెట్టి కొట్టండి: హెచ్‌వైడీ, హెచ్‌ఈఎల్, జేఎఫ్‌కే. దూరాలు, గీత రెండూ చూపిస్తుంది. ముందు స్టాప్ లేకుండా గీత గీయించండి. ఆ గీత సగం దగ్గర చుట్టుపక్కల ఏ ఊళ్లున్నాయో చూడండి. తర్వాత వాటినే ఒక్కొక్కటిగా మధ్యలో పెట్టి చూడండి. ఐదు నిమిషాల పని.

బీటెక్ బ్యాచ్ ఉంటే మీకు ఇంకా ఈజీ. ఎయిర్‌పోర్ట్‌ల లిస్ట్ ఉంటే ఒక ఫర్ లూప్ చాలు. ప్రతి ఎయిర్‌పోర్ట్‌కీ రెండు ముక్కలు లెక్కేయాలి, రెండూ రేంజ్‌లో లేకపోతే వదిలేయాలి, ఉన్నవాటిలో మొత్తం తక్కువ ఉన్నది ఉంచుకోవాలి. నాలుగు వేల ఎయిర్‌పోర్ట్‌లు ఉన్నా నాలుగు వేల సార్లే తిరుగుతుంది, మీ ఫోన్‌లో కూడా రెప్పపాటులో అయిపోతుంది. అదే రెండు స్టాప్‌లు కావాలంటే నాలుగు వేల ఇంటూ నాలుగు వేలు, 1 కోటి 60 లక్షల జతలు. అక్కడే డైక్‌స్ట్రా లాంటి అల్గారిథమ్‌లు పనికొస్తాయి. ల్యాబ్‌లో రికార్డ్ కోసం కాపీ కొట్టిన ప్రోగ్రామ్ ఇన్నాళ్లకి పనికొస్తుందన్నమాట.

మరి ఎమిరేట్స్ వాళ్లు పిచ్చోళ్లా?

ఇక్కడ ఒక డౌట్ రావాలి. రాకపోతే నేనే తెప్పిస్తా. దుబాయ్ అంత వేస్ట్ అయితే, మన ఇళ్లల్లో అమెరికా వెళ్లేవాళ్లలో అంతమంది దుబాయ్, దోహా మీదుగా ఎందుకు వెళ్తారు?

ఎందుకంటే వాళ్ల స్టాప్ ఇంధనం కోసం కాదు, మనుషుల్ని కలపడం కోసం. ఇండియాలో పది ఊళ్లు, అమెరికాలో పది ఊళ్లు తీసుకోండి. ప్రతి ఊరి నుంచి ప్రతి ఊరికీ నేరుగా ఫ్లైట్ వేయాలంటే 100 రూట్లు కావాలి. మధ్యలో ఒక హబ్ పెడితే అటు పది, ఇటు పది, మొత్తం 20 రూట్లతో అందరూ అన్ని చోట్లకీ వెళ్లొచ్చు. హైదరాబాద్ ఫ్లైట్‌లో దుబాయ్ దిగినవాళ్లలో ఒకరు న్యూయార్క్‌కి, ఒకరు డాలస్‌కి, ఇంకొకరు లండన్‌కి పోతారు. సీట్లు నిండుతాయి. నిండిన సీట్ల ముందు 580 కిలోమీటర్ల ఇంధనం వాళ్లకి పెద్ద లెక్క కాదు.

అంటే స్టాప్‌లు రెండు రకాలు. ఇంధనం స్టాప్, హబ్ స్టాప్. ఎయిర్‌లైన్ మేనేజర్‌లో ఉన్నది మొదటి రకం మాత్రమే. అందుకే నిజ జీవితంలో దుబాయ్ బంగారం, ఈ గేమ్‌లో దుబాయ్ దండగ. ఎయిర్‌లైన్‌సిమ్ అని బ్రౌజర్‌లో ఆడే ఇంకో గేమ్ ఉంది. అందులో ప్రయాణికులు ఒక ఫ్లైట్ దిగి ఇంకోటి ఎక్కుతారు, కనెక్షన్ టైమింగ్‌లు కూడా కుదరాలి. ఆ గేమ్ ఆడేవాళ్లు నేను ఈరోజు చెప్పింది గుడ్డిగా ఫాలో అవ్వకండి, అక్కడ లెక్క వేరు.

నిజ జీవితంలో ఇంధనం కోసం ఆగినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. నాకు బాగా నచ్చిన ఉదాహరణ బ్రిటిష్ ఎయిర్‌వేస్ వాళ్ల లండన్ సిటీ ఎయిర్‌పోర్ట్ నుంచి న్యూయార్క్ ఫ్లైట్. 2009లో మొదలైంది, 2020 దాకా నడిచింది. చిన్న ఏ318 ప్లేన్, లోపల 32 బిజినెస్ క్లాస్ సీట్లు మాత్రమే. లండన్ సిటీ రన్‌వే పొడవు సుమారు 1,500 మీటర్లు. మన శంషాబాద్ మెయిన్ రన్‌వే 4,260 మీటర్లు, పోల్చుకోండి. అంత పొట్టి రన్‌వే మీద నిండా ఇంధనం పోసుకుని లేవడం కుదరదు. అందుకే వెళ్లేటప్పుడు ఐర్లాండ్‌లోని షానన్‌లో ఆగేది.

వాళ్ల తెలివి చూడండి. షానన్‌లో అమెరికా ఇమిగ్రేషన్ చెక్ ముందే చేసే ఏర్పాటు ఉంది. ప్లేన్ ఇంధనం నింపుకునే టైమ్‌లోనే ప్రయాణికుల చెక్ పూర్తయ్యేది. న్యూయార్క్‌లో దిగాక క్యూ లేకుండా నేరుగా బయటికి. ఆగక తప్పనప్పుడు ఆ ఆగిన టైమ్‌తో ఇంకో పని కూడా చేయించారు. వచ్చేటప్పుడు మాత్రం నాన్‌స్టాప్, ఎందుకంటే జేఎఫ్‌కేలో రన్‌వేలు పొడవు.

ఇంకో మాట. గేమ్‌లో ఆకాశానికి గేట్లు లేవు, నిజంలో ఉన్నాయి. మనం ఇప్పుడు గీసిన హైదరాబాద్ - హెల్సింకీ గీత పాకిస్తాన్, అఫ్గానిస్తాన్, రష్యా మీదుగా పోతుంది. 2022 నుంచి ఫిన్లాండ్ విమానాలకి రష్యా గగనతలం మూసేశారు. 2025 ఏప్రిల్‌లో భారతీయ విమానాలకి పాకిస్తాన్ గగనతలం మూసేశాక, ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే కొన్ని ఎయిర్ ఇండియా ఫ్లైట్లు వియన్నాలో ఆగి ఇంధనం నింపుకోవాల్సి వచ్చింది. మనకి ఒక ట్యాప్‌తో అయిపోయే స్టాప్, అక్కడ క్రూ డ్యూటీ గంటల్ని, ప్రయాణికుల కనెక్షన్లని, కంపెనీ ఖర్చుని మొత్తం మార్చేస్తుంది.

ప్లేన్ టైమ్ కాదు, మీ టైమ్ చూడండి

సరే, రూట్ దొరికింది. ఇప్పుడు అసలు ప్రశ్న. అంత పొడవు రూట్ వేయడం మంచిదేనా?

ఈజీ మోడ్‌లో ఎకానమీ టికెట్‌కి ప్లేయర్లు వాడే బేస్ లెక్క ఇది: దూరాన్ని 0.4తో గుణించి 170 కలపాలి. ఆ 170 గమనించండి. దూరం ఎంతైనా సరే, ప్లేన్ లేచిన ప్రతిసారీ సీటుకి 170 వస్తుంది. 12,000 కిలోమీటర్ల ఒక్క ట్రిప్‌కి సీటుకి 4,970. అదే 4,000 కిలోమీటర్ల ట్రిప్‌లు మూడు వేస్తే, ఒక్కోటి 1,770 చొప్పున 5,310. ఎగిరిన దూరం ఒకటే, ఆదాయం మాత్రం చిన్న ట్రిప్‌లకే ఎక్కువ.

మరి చిన్న రూట్లే వేసుకుంటే సరిపోతుందిగా? సరిపోతుంది, ప్లేన్ దిగిన ప్రతిసారీ మీరు ఫోన్ తీసి డిపార్ట్ బటన్ నొక్కగలిగితే. మీరు క్లాస్‌లో ఉంటారు, ఆఫీస్ మీటింగ్‌లో ఉంటారు, నిద్రపోతారు. ప్లేన్ మాత్రం దిగిన చోటే మీ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. నిలబడ్డ ప్లేన్ రూపాయి సంపాదించదు.

అందుకే స్టాప్ పెట్టిన లాంగ్ రూట్ విలువ అంతా మీరు ఫోన్ ముట్టుకోని గంటల్లో ఉంది. ఉదాహరణ చూద్దాం. ప్లేన్ స్పీడ్ గంటకి 850 అనుకోండి, మీ మోడ్‌ని బట్టి మారుతుంది. హెల్సింకీ మీదుగా న్యూయార్క్‌కి 15 గంటల 17 నిమిషాలు. రాత్రి 10కి డిపార్ట్ కొట్టి పడుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం 1:17కి ల్యాండ్ అవుతుంది. లంచ్ బ్రేక్ 1 నుంచి 1:45, హాయిగా మళ్లీ డిపార్ట్ కొట్టొచ్చు.

అదే పెద్ద ప్లేన్ కొని దుబాయ్ మీదుగా వేశారనుకోండి. 15 గంటల 56 నిమిషాలు. 1:56కి ల్యాండ్. లంచ్ అయిపోయింది, మీరు క్లాస్‌లో ఉన్నారు. మళ్లీ ఫోన్ తీసేది సాయంత్రం 5కి. దారిలో పోయింది 40 నిమిషాలే, కానీ ప్లేన్ ఖాళీగా నిలబడింది మూడు గంటలు.

ఇంధనం సంగతి కూడా చూడండి. రోజుకి ఒక ట్రిప్ చొప్పున నెలకి 30 ట్రిప్‌లు. 580 ఇంటూ 30, 17,400 కిలోమీటర్లు. అంటే నెలలో న్యూయార్క్‌కి ఒక ట్రిప్, పైన ఇంకో మూడో వంతు ట్రిప్, ప్రయాణికులెవరూ డబ్బులివ్వకుండా ఎగిరినట్టే. అది ఒక్క ప్లేన్‌కి. పది ప్లేన్లు ఉంటే పదమూడు ట్రిప్‌లు. ఎగిరిన గంటలు పెరిగితే మెయింటెనెన్స్ చెక్ కూడా ముందే వస్తుంది, అది వేరే ఖర్చు.

అయితే పెద్ద ప్లేన్ ఎప్పుడు కొనాలి?

అసలు కొనొద్దు అని నేను అనట్లేదు. రూట్ డిమాండ్ చూడండి. ఆ రూట్‌లో రోజుకి వచ్చే డిమాండ్ మీ చిన్న ప్లేన్ సీట్లకి రెండు మూడు రెట్లు ఉండి, రోజూ మిగిలిపోతుంటే పెద్ద ప్లేన్‌కి అర్థం ఉంది. డిమాండ్ మీ సీట్లకి దగ్గరగానే ఉంటే, పెద్ద ప్లేన్ కొని సగం ఖాళీగా తిప్పడం ఎందుకు? బిజినెస్ సీటు రెండు ఎకానమీ సీట్ల చోటు, ఫస్ట్ క్లాస్ మూడు సీట్ల చోటు తీసుకుంటుందని కూడా లెక్కలో పెట్టుకోండి.

నేను వాడే పద్ధతి చెప్తా, రూల్ బుక్‌లో ఉన్నది కాదు, నా అలవాటు. స్టాప్ వల్ల పెరిగే దూరం 2 శాతం లోపు ఉంటే కళ్లు మూసుకుని వేసేస్తా. 2 నుంచి 5 మధ్య ఉంటే ఇంకో రెండు ఊళ్లు వెతికి చూస్తా. 5 దాటితే ఆ రూట్ ఆ ప్లేన్‌కి కాదు అని వదిలేస్తా. ప్రపంచంలో ఊళ్లకి కొదవా? ఇంకో రూట్ దొరుకుతుంది.

సో తమ్ముడూ, నీకు సమాధానం. మూడు ప్లేన్లూ ఉంచుకో. వాటి రేంజ్ 6,650 దాటి ఉంటే ఒకదాన్ని హెల్సింకీ మీదుగా న్యూయార్క్ వేయి, రాత్రి డిపార్ట్ కొట్టు. మిగతా రెండూ నువ్వు మెలకువగా ఉండే టైమ్‌లో చిన్న రూట్లలో తిప్పు. రేంజ్ అంతకంటే తక్కువైతే న్యూయార్క్ మోజు కొన్నాళ్లు పక్కన పెట్టి, నీ ప్లేన్‌కి కుదిరే ఊరు వెతుక్కో. గేమ్ డబ్బుతోనే పెద్ద ప్లేన్ వచ్చే రోజు వస్తుంది. పాయింట్ల కోసం ఇంట్లోవాళ్ల ఫోన్ మాత్రం తీయకు.

మిగతా అందరికీ ఒక హోమ్‌వర్క్. హైదరాబాద్ నుంచి బ్రెజిల్‌లోని సావో పాలో, నేరు దూరం సుమారు 14,260 కిలోమీటర్లు. ప్లేన్ రేంజ్ 7,400. ఒక్క స్టాప్‌తో వెళ్లాలి. అదనపు దూరం 20 కిలోమీటర్లు కూడా దాటని ఊరు ఒకటి ఉంది, ఆఫ్రికాలో వెతకండి. దొరికితే కోడ్ రాసి పంపండి, దారం ఎలా లాగారో కూడా చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో ఇంధనం ఎప్పుడు కొనాలి, ఎంత నిల్వ పెట్టుకోవాలి అనేది చూద్దాం. అప్పటిదాకా ఉంటా మరి, బై.